తొంభై కిలోల మనిషి, విశాఖ బీచిరోడ్డు

పొట్ట పెరిగిన నడివయసు మనిషి జీవితంలో మొదటిసారిగా పరుగు మొదలుపెట్టాలంటే, విశాఖపట్నంలో బీచిరోడ్డును మించిన చోటు లేదని నా అభిప్రాయం. సముద్రం అందంగా వుంటుందని కాదు. అందం నాలుగు రోజులకు అలవాటైపోతుంది. నేను చూసేది వేరు. ఆ రోడ్డు చాలామేరకు చదునుగా వుంటుంది. ఒక పక్కంతా సముద్రమే కాబట్టి ఆ వైపు ఏ సందులోంచో స్కూటరు దూసుకురాదు. తెల్లవారుజామున కొంతమేర వాహనాలను ఆపి, రోడ్డును నడిచేవాళ్ళకు వదిలిపెట్టే ఏర్పాటు ఏళ్ళ తరబడి వుంది. వీటన్నిటినీ మించింది మరొకటి వుంది. అక్కడ మిమ్మల్ని ఎవరూ చూడరు. అందరి కళ్ళూ సముద్రం మీదే వుంటాయి.

ఈ చివరి సంగతిని చిన్నదిగా తీసిపారేయకండి. నలభై అయిదేళ్ళు దాటి, బరువు తొంభై కిలోలకు చేరి, రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడే మనిషి పరుగెత్తకపోవడానికి మొదటి కారణం మోకాళ్ళు కాదు, సిగ్గు. పక్కింటివాళ్ళు చూస్తారని, ఆఫీసులో కిందివాళ్ళు ఎదురుపడతారని, కుర్రకారు నవ్వుకుంటారని. ఈ సిగ్గుతోనే మనవాళ్ళు పదేళ్ళు గడిపేస్తారు. ఆ పదేళ్ళలో షుగరూ, రక్తపోటూ ఎవరి అనుమతీ అడక్కుండా ఇంట్లోకి వచ్చి కూర్చుంటాయి.

మీరు ఆ మనిషే అనుకోండి. ముందు ఒకరోజు వూరికే చూడ్డానికి వెళ్ళండి. తెల్లవారుజామున అయిదు గంటలకు కాళికాలయం దగ్గర దిగండి. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లటి ముద్దలా కనిపిస్తుంది. సముద్రంలో రేవుకోసం కాచుకున్న ఓడల దీపాలు మినుకు మినుకుమంటూ వుంటాయి. రోడ్డు మీద అప్పటికే జనం వుంటారు. రిటైరైన ఉద్యోగులు నలుగురేసి చొప్పున పెన్షన్ల సంగతులు మాట్లాడుకుంటూ నడుస్తారు. పట్టుచీర కాకపోయినా చక్కగా ఇస్త్రీ చీర కట్టుకుని, కింద తెల్లబూట్లు వేసుకున్న ఇల్లాళ్ళు చేతులూపుకుంటూ వెళ్తుంటారు. మధ్యలోంచి నేవీ కుర్రాళ్ళు గాలిలా పోతారు. ఇది తూర్పు నౌకాదళానికి ముఖ్యస్థానమైన వూరు. ఆ కుర్రాళ్ళకు పరుగు ఉద్యోగంలో భాగం. వాళ్ళని చూసి ఆనందించండి, అంతే. వాళ్ళ వెనకాల పడితే మాత్రం మీ కార్యక్రమం మూడోరోజు ఆర్థోపెడిక్ డాక్టరుగారి వరండాలో ముగుస్తుంది.

ఈ రోడ్డు మీద అడుగు వేసేముందు మీరు వెళ్ళవలసిన చోటు ఇంకొకటి వుంది. అది మీ డాక్టరుగారి గది. ఎందుకో చెప్పడానికి ఒక అమెరికన్ గురించి చెప్పాలి. జిమ్ ఫిక్స్ అనే ఆయన 1967లో తన ముప్పై అయిదో ఏట పరుగు మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన బరువు దాదాపు వంద కిలోలు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. పరుగుతో బరువు తగ్గాడు, సిగరెట్లు మానేశాడు, 1977లో పరుగు గురించి ఒక పుస్తకం రాశాడు. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయి, అమెరికాలో సగటు మనిషిని రోడ్డెక్కించింది. ఆ ఫిక్స్ 1984 జూలై 20న, వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పల్లెరోడ్డు మీద పరుగెత్తుతూ కుప్పకూలి చనిపోయాడు. వయసు 52. శవపరీక్షలో గుండె రక్తనాళాలు బాగా పూడిపోయి కనిపించాయి.

పరుగే ఆయన్ని పొట్టన పెట్టుకుందని అప్పుడు చాలామంది అన్నారు. కాళ్ళు కదపడం ఇష్టంలేనివాళ్ళు ఇప్పటికీ ఆ మాటే అంటారు. నేను ఒప్పుకోను. ఆయన తండ్రికి 35వ ఏటే గుండెపోటు వచ్చింది, 43వ ఏట పోయాడు. కొడుకు అంతకు తొమ్మిదేళ్ళు ఎక్కువ బతికాడు. అయితే ఇందులో మనం చూడవలసింది మరొకటి వుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమని వ్యాయామ వైద్యంలో పేరుపొందిన డాక్టర్ కెన్నెత్ కూపర్ అంతటివాడు చెప్పినా ఫిక్స్ వద్దన్నాడు. వారసత్వంగా వచ్చిన గుండెజబ్బునీ, ఏళ్ళ తరబడి కాల్చిన సిగరెట్లనీ పరుగు ఒక్కటే కడిగేయలేదు.

కాబట్టి మీ నాన్నగారో, అన్నదమ్ములో చిన్న వయసులో గుండెజబ్బుతో పోయి వుంటే ఆ సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. రక్తపోటు, షుగరు చూపించుకోండి. ఇ.సి.జి. తీయించుకోండి. ఇ.సి.జి. బాగుందంటే నాళాలన్నీ శుభ్రంగా వున్నాయని అర్థం కాదు. అందుకే మెట్లెక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్లుండేవాళ్ళకూ, షుగరు చాలా ఏళ్ళుగా వున్నవాళ్ళకూ ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అవసరమని డాక్టరు అనవచ్చు. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే మనబోటి దక్షిణాసియావాళ్ళకు ప్రమాదరేఖ దాటినట్లే. తెల్లవాళ్ళకు ఈ గీత ఇంకా పైన వుంటుంది. మన ఒంటి తీరు అది, ఏం చేస్తాం! ఇలాగని పరీక్షల పేరుతో ఆరునెలలు వాయిదా వేయకండి. ఏ బాధా లేనివాళ్ళు మామూలు నడకను ఎల్లుండి కాదు, రేపే మొదలుపెట్టవచ్చు.

ఇక రోడ్డు మీదికి వద్దాం. కాళికాలయం నుంచి ఉత్తరానికి తిరిగి, పది నిమిషాలు మామూలుగా నడవండి. ఎడమవైపు రామకృష్ణ మిషన్ ఆశ్రమం వుంది. ఆ బీచికి ఆర్.కె. బీచి అనే పేరు వచ్చింది అక్కడినుంచే. ఇంకా ముందుకు వెళ్తే ఒడ్డున కురుసుర జలాంతర్గామి కనిపిస్తుంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి మ్యూజియంగా ఇసుక మీద విశ్రాంతి తీసుకుంటోంది. దాని పొడవు 91 మీటర్లు. మొదటి నెలలో మీ ఒక్కొక్క పరుగు ముక్క ఆ జలాంతర్గామి అంత పొడవుంటే చాలు! నేను వేళాకోళానికి అనడం లేదు. నెమ్మదిగా పరుగెత్తే మనిషికి అంత దూరం ఒక్క నిమిషం పడుతుంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మళ్ళీ నిమిషం పరుగు. ఇలా ఆరుసార్లో, ఎనిమిదిసార్లో. ఆపైన అయిదు నిమిషాలు నడిచి ఇంటికి. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు. మధ్య రోజుల్లో నడక మాత్రమే.

‘నిమిషం పరుగు కూడా ఒక పరుగేనా?’ అంటారు మీరు. ఆ నిమిషాన్ని ఎలా పరుగెత్తాలన్నదే అసలు విద్య. మీరు పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి. ఒక్కొక్క ముక్క కాదు, పూర్తి వాక్యాలు. కరెంటు బిల్లు ఎందుకంత వచ్చిందో మీ ఆవిడకు వివరంగా చెప్పగలగాలి. మాట తెగిపోయి రొప్పు వస్తోందంటే వేగం ఎక్కువైందన్నమాట. అప్పుడు తగ్గించండి. ఇంకా రొప్పు వస్తే ఇంకా తగ్గించండి. పక్కన గబగబా నడిచే ముసలాయన మిమ్మల్ని దాటిపోతే దాటిపోనివ్వండి. నాడి చూసుకునే లెక్కలు వున్నాయి గానీ, రక్తపోటుకు కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్ళకు నాడి ఎంత కష్టపడినా అంతగా పెరగదు. వాళ్ళకు ఆ లెక్క తప్పుతుంది. మాటతో చూసుకునే పద్ధతి ఎవరికీ తప్పదు.

ముసలాయన దాటిపోవడం అంటే గుర్తొచ్చింది. ఈ నెమ్మది పరుగు ప్రపంచానికి ఎలా తెలిసిందనుకున్నారు? న్యూజిలాండులోని ఆక్లండులో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు వుండేవాడు. ఒలింపిక్ విజేతలను తయారుచేసిన మనిషి. ఆయన ప్రోత్సాహంతో 1962లో అక్కడ నడివయసువాళ్ళు, గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్ళు కూడా, ఒక సంఘంగా చేరి మెల్లగా పరుగెత్తడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరం చివర్లో అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అనే పేరున్న శిక్షకుడు వాళ్ళని చూడ్డానికి వెళ్ళాడు. ఇతరులకు పరుగు నేర్పే ఆ యాభయ్యొక్కేళ్ళ పెద్దమనిషి, డెబ్బై దాటిన ఒక వృద్ధుడితో సమంగా పరుగెత్తలేక వెనకబడిపోయాడు. బోవర్‌మన్ తన వూరు తిరిగివెళ్ళి మామూలు జనానికి తరగతులు పెట్టాడు. కుప్పలు తెప్పలుగా వచ్చిన జనాన్ని చూసి, వీళ్ళలో ఎవరికైనా గుండె ఆగితే ఎలాగని భయపడి, ఒక హృద్రోగ వైద్యుణ్ణి పక్కన పెట్టుకుని పద్ధతి తయారుచేశాడు. ఇద్దరూ కలిసి 1967లో పుస్తకం వేశారు. ‘జాగింగ్’ అన్న మాట ఇంటింటికీ చేరడంలో ఆ పుస్తకానికి పెద్ద వంతే వుంది. ఈయనే తర్వాత నైకీ బూట్ల కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. అది వేరే కథ.

మళ్ళీ మన రోడ్డుకు. మొదటి రెండు వారాలూ కాళ్ళు పీకుతాయి, లేవబుద్ధి కాదు. ఆ రోజులు మంచివే, మిమ్మల్ని అదుపులో పెడతాయి. నాకు భయం మూడో వారం, నాలుగో వారం గురించే. అప్పుడు ఆయాసం తగ్గుతుంది. ఒంట్లో హుషారు పుడుతుంది. ‘నిమిషమేమిటి, పది నిమిషాలు లాగించేస్తాను’ అనిపిస్తుంది. మన తెలుగువాళ్ళకు ఆరంభశూరులని పేరుంది కదా, దాన్ని నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే దారికొస్తాయి. కానీ కండను ఎముకకు కట్టిపెట్టే తాళ్ళలాంటి బంధనాలూ, ఎముకలూ గట్టిపడటానికి నెలలు పడుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు, మూడు రెట్ల భారం కాలిమీద పడుతుంది. తొంభై కిలోల మనిషికి అది రెండువందల కిలోలకు పైమాటే. ఊపిరి ‘సరే’ అంటుంది, మడమ ‘వద్దు’ అంటుంది. మీరు మడమ మాట వినాలి.

అది ఎలా చెబుతుందంటే, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమ కింద ముల్లు గుచ్చినట్లుంటుంది. లేదా మోకాలికి కింద, ముందువైపు ఎముక పొడుగునా నొప్పి వస్తుంది. కండ నొప్పి రెండు రోజుల్లో దానంతటది పోతుంది, ఒళ్ళంతా పరుచుకుని వుంటుంది. ఈ నొప్పి అలా కాదు. ఒకచోట వుంటుంది, వేలుపెట్టి చూపించవచ్చు, పరుగెత్తిన కొద్దీ పెరుగుతుంది. అలా అయితే వారం పదిరోజులు పరుగు ఆపి, నొప్పి పుట్టనంతవరకు నడవండి. తగ్గకపోతే చూపించుకోండి. నొప్పి మాత్ర మింగి పరుగెత్తేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

‘పరుగెత్తితే మోకాళ్ళు అరిగిపోవూ?’ అని అందరూ అడుగుతారు. ఎన్నో పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి 2017లో లెక్క చూశారు. మోకాళ్ళ, తుంటి కీళ్ళ అరుగుదల కూర్చుని కాలం గడిపేవాళ్ళలో నూటికి పదిమందికి వుంటే, మామూలుగా సరదాకు పరుగెత్తేవాళ్ళలో ముగ్గురు నలుగురికే వుంది. పోటీలకోసం తీవ్రంగా పరుగెత్తేవాళ్ళలో మాత్రం పదమూడు దాకా వుంది. మనం ఆ మధ్యవాళ్ళలో వుండదలిచాం. అయితే ఇప్పటికే కీళ్ళు వాచి, మెట్లు దిగడమే కష్టంగా వున్నవాళ్ళు ముందు నడక, ఆహారం, తొడకండ గట్టిపడే వ్యాయామాలతో బరువు కొంత దించుకుని, ఆపైన పరుగు సంగతి ఆలోచించాలి.

ఇసుక గురించి చెప్పాలి. బీచికి వెళ్ళి సిమెంటు మీద పరుగెత్తడం ఏమిటి, మెత్తటి ఇసుక వుండగా, అని మీకు తోచవచ్చు. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది. గట్టి నేల మీద పడే శ్రమకన్నా అక్కడ నడకకు రెట్టింపు పైగా, పరుగుకు ఒకటిన్నర రెట్లు పడుతుందని కొలిచి చూశారు. మడమ కిందికి దిగినప్పుడల్లా పిక్క సాగుతుంది. తడి ఇసుక గట్టిగానే వుంటుంది గానీ సముద్రం వైపు వాలుగా వుంటుంది. ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లంలో పరుగెత్తినట్లన్నమాట. అరగంట అలా చేస్తే తుంటి పట్టేస్తుంది. మొదటి ఆరునెలలూ ఇసుక కూర్చోవడానికే. మరొక మాట. పరుగయ్యాక చెమట కడుక్కుందామని అలల్లోకి దిగకండి. ఆర్.కె. బీచిలో నీరు కాళ్ళ కింద ఇసుకను లాక్కుపోతుంది. ఈతగాళ్ళు కూడా ప్రాణాలు పోగొట్టుకున్న చోటది.

బూట్లకు ఖరీదు ముఖ్యం కాదు, కొలత ముఖ్యం. సాయంత్రంపూట కొనండి. అప్పుడు పాదాలు కాస్త ఉబ్బి వుంటాయి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ వుండాలి. లావుపాటివాళ్ళకు ఇంకో బాధ వుంటుంది, ఎవరూ పైకి చెప్పరు. తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. బయల్దేరేముందు కొబ్బరినూనో, వాజలైనో రాసుకుంటే సరిపోతుంది. దీనికి భయపడి మానుకున్నవాళ్ళు బోలెడంతమంది.

అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని కన్నవాళ్ళకు పరుగెత్తేటప్పుడు, దగ్గినప్పుడు మూత్రం చుక్కలు చుక్కలుగా పడవచ్చు. ఇది మీ ఒక్కరికే వచ్చిన అవమానం కాదు. కాన్పుల్లో సడలిన అడుగుభాగపు కండరాల పని. మూత్రాన్ని ఆపుకుంటున్నట్లుగా ఆ కండరాలను బిగించి, అయిదు లెక్కపెట్టి వదలడం, పదేసిసార్లు, రోజుకు మూడుపూటలా చేస్తే చాలామందికి రెండు మూడు నెలల్లో గుణం కనిపిస్తుంది. తగ్గకపోతే లేడీ డాక్టరుకు చెప్పండి. ఛాతీకి మంచి ఆధారమిచ్చే లోదుస్తు కొనుక్కోండి. బూట్లకు పెట్టినట్లే దీనికీ డబ్బు పెట్టాలి. చీర మీద నడవవచ్చు గానీ, పరుగుకు సల్వారు కమీజు మేలు. కుచ్చిళ్ళు కాలికి తగిలితే పడతారు.

పరుగు ముగిసేసరికి రోడ్డు పక్కన రసాల బండ్లు కనిపిస్తాయి. కాకరకాయ రసం, గోధుమగడ్డి రసం, రాగిజావ, మొలకలు. తాగాలనిపిస్తే తాగండి. కాకర రసం తాగి షుగరు మాత్ర మానేస్తే మాత్రం నేరుగా ప్రమాదంలోకి వెళ్తారు. షుగరున్నవాళ్ళకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ప్రమాదం కూడా వుంది. ఇన్సులినో, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో తీసుకునేవాళ్ళు పరగడుపున పరుగెత్తితే రక్తంలో షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లటి చెమట, కళ్ళు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. జేబులో గ్లూకోజు పొడో, నాలుగు చెంచాల పంచదార పొట్లమో లేకుండా బయల్దేరకండి. మందు మోతాదు మార్చాలేమో డాక్టరుగారినే అడగండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఇంటికి రాగానే అరికాళ్ళు పరీక్షగా చూసుకోవాలి. బొబ్బ వచ్చినా వాళ్ళకు తెలియదు.

ఇక టిఫిను. లెక్క చూద్దాం. కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. తొంభై కిలోల మనిషి మూడు కిలోమీటర్లు పరుగెత్తితే 270. అక్కణ్ణుంచి తిన్నగా హోటలుకు వెళ్ళి, నెయ్యి ఓడుతున్న ఉప్మా పెసరట్టు రెండు లాగిస్తే ఆ ఖర్చంతా తిరిగి రావడమే కాదు, వడ్డీ కూడా వస్తుంది. తిండి మారకుండా పరుగు ఒక్కదానివల్ల బరువు పెద్దగా తగ్గదు. ముందే చెప్తున్నాను, రెండో నెలలో తూకం యంత్రాన్ని తిట్టుకోకండి. బరువు తగ్గకపోయినా రక్తపోటు, షుగరు, నడుము చుట్టుకొలత మారడం మొదలుపెడతాయి. మూడు నెలలు యంత్రం ఎక్కకుండా, బెల్టు కన్నాలు లెక్కపెట్టుకోండి.

విశాఖలో ఎండకన్నా ఉక్క మోసం చేస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడ సూర్యుడు అయిదున్నర ప్రాంతానికే వచ్చేస్తాడు. ఆరున్నరకల్లా మీరు ముగించాలి. వేగం ఇంకా తగ్గించాలి. తల దిమ్మెక్కడం, వాంతి వచ్చేటట్లుండటం, ఒళ్ళు గగుర్పొడవడం కనిపిస్తే ఆపి నీడకు వెళ్ళండి. నీళ్ళు, పల్చటి మజ్జిగ చాలు. బి.పి. వున్నవాళ్ళు ఉప్పు కలుపుకోవద్దు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన మాట ఇది. ఛాతీ మధ్య బరువు పెట్టినట్లుండి, అది ఎడమచేతికో, దవడకో, వీపుకో పాకితే, చెమటలు పోసి, ఆయాసం ఆగకపోతే, అక్కడికక్కడే కూర్చోండి. 108కి ఫోను చేయించండి. ‘గ్యాసయి వుంటుంది, సోడా తాగితే పోతుంది’ అని ఇంటికి నడిచి వెళ్ళకండి. ఆ గ్యాసు అనే మాట మన ఇళ్ళల్లో ఎంతమందిని తీసుకుపోయిందో! ఆడవాళ్ళకూ, షుగరున్నవాళ్ళకూ ఛాతీనొప్పి లేకుండా వట్టి ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం రూపంలో కూడా గుండెపోటు వస్తుంది. స్కూటరు మీద వెనక కూర్చుని ఆసుపత్రికి వెళ్ళడం కూడా మంచిది కాదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు జేబులో పేరు, ఇంటి ఫోను నెంబరు, వాడే మందులు రాసిన కాగితం పెట్టుకోండి.

నాలుగైదు నెలలు ఇలా గడిస్తే నిమిషం రెండవుతుంది, రెండు అయిదవుతాయి. 1996లో అమెరికాలో ఒక యువకుడు తన తల్లిలాంటివాళ్ళ కోసమని, తొమ్మిది వారాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తించే పద్ధతి రాశాడు. అది దేశదేశాలకూ పాకింది. పద్ధతి మంచిదే. తొంభై కిలోలవాళ్ళు మాత్రం ఆ తొమ్మిది వారాలను పద్ధెనిమిది చేసుకోండి. ఒక్కొక్క వారాన్నీ రెండుసార్లు చేయండి, ఎవరూ ఫెయిలు చేయరు. అప్పటికి కురుసురనూ, దాని ఎదుట 2017లో పెట్టిన టీయూ-142 విమానాన్నీ దాటి పార్కు హోటలు వైపు వెళ్ళగలుగుతారు. ఆపైన లాసన్స్ బే, పెదజాలరిపేట, తెన్నేటి పార్కు. అక్కడ వలలు బాగుచేసుకునే జాలర్ల పక్కనుంచి దారి మలుపులు తిరుగుతుంది, కైలాసగిరి కొండ దగ్గరపడుతుంది. కొండ రోడ్డు ఏడాది దాకా ఎక్కకండి. ఎక్కినా నడిచి ఎక్కండి. దిగేటప్పుడు అసలే పరుగెత్తకండి, మోకాలికి ఎక్కడంకన్నా దిగడమే బరువు. బీచినుంచి పెదవాల్తేరు, సిరిపురం వైపు ఎక్కే రోడ్లకూ ఇదే మాట.

ఉత్తరానికి వెళ్ళినకొద్దీ రోడ్డు వాహనాలది. భీమిలి దాకా సుమారు పాతిక కిలోమీటర్ల రోడ్డు, కార్లు జోరుగా వెళ్తాయి. ఎనభై ఏళ్ళు దాటాక పరుగు మొదలుపెట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన పంజాబీ వృద్ధుడు ఫౌజాసింగ్ 2025 జూలైలో, 114 ఏళ్ళ వయసని చెప్పుకునే రోజుల్లో, పోయింది గుండె ఆగి కాదు. తన వూరి దగ్గర రోడ్డు మీద నడుస్తుంటే వాహనం గుద్ది. ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేటట్లు కుడిపక్కన వెళ్ళండి. లేత రంగు బట్టలు వేసుకోండి. చెవుల్లో పాటల తీగలు పెట్టుకోకండి.

విశాఖలో లేనివాళ్ళు నిరాశపడనక్కర్లేదు. హైదరాబాదులో కె.బి.ఆర్. పార్కు చుట్టూ వున్న కాలిబాట, రాజమండ్రిలో గోదావరి గట్టు, ఏదీ లేని వూళ్ళో హైస్కూలు గ్రౌండు. చదును, వాహనాలు లేకపోవడం, తెల్లవారుజాము, నలుగురు నడిచే చోటు: ఈ నాలుగూ వుంటే చాలు. ఇంటి మేడమీద గుండ్రంగా తిరగడం కన్నా ఏదైనా మేలే. మేడమీద నాలుగు రోజులకు విసుగు పుడుతుంది.

చివరగా, మధ్యలో తెగిపోయే రోజుల సంగతి. పెళ్ళిళ్ళుంటాయి, జ్వరాలుంటాయి, అక్టోబరు, నవంబరుల్లో వానలుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఈ బీచిరోడ్డే ఛిన్నాభిన్నమైపోయింది. వారం మానేస్తే ఆపిన చోటే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు మానేస్తే రెండు మెట్లు కిందికి దిగండి. అంటే మూడు నిమిషాల పరుగు దగ్గర ఆపితే, నిమిషం పరుగు దగ్గర. జ్వరం వచ్చినవాళ్ళు అది పూర్తిగా తగ్గి, మామూలు నడకకు అలసట రాని రోజుదాకా ఆగాలి. బూట్లు వానలో తడిస్తే ఎండలో పెట్టకండి, జిగురు ఊడుతుంది. లోపల పాత వార్తాపత్రికలు కుక్కి ఫాను కింద ఉంచండి, తెల్లవారేసరికి చాలావరకు ఆరుతాయి.